మేసియో పార్కర్ 'లైఫ్ ఆన్ ప్లానెట్ గ్రూవ్': స్వరాలన్నీ సరిగ్గానే పడుతున్నాయి, ఊపు ఎందుకు రావట్లేదు?

బెజవాడ_ఆల్టో
అమెరికన్ ఆల్టో సాక్సఫోన్ వాద్యకారుడు మేసియో పార్కర్ ఆల్బమ్‌లోని 'పాస్ ద పీస్' మొత్తం చెవితో పట్టి రాసుకున్నాను. 1992లో జర్మనీలోని కొలోన్‌లో రికార్డు చేసిన లైవ్‌ది. వేగం సగానికి తగ్గించి ఒక్కో ముక్కా సరిచూశాను, స్వరాల్లో తప్పు లేదు. వాయించి ఫోన్లో రికార్డు చేసుకుని వింటే మాత్రం పాఠం అప్పజెప్పినట్టుంది. ఆయనది వింటే కాలు దానంతటదే ఆడుతుంది.

నాది యమహా ఆల్టో సాక్స్. మెటల్ మౌత్‌పీస్ (నోట్లో పెట్టుకునే ముక్క), 7 ఓపెనింగ్, రెండున్నర నంబరు రీడు (ఊదితే అదిరే పల్చటి పుల్ల). అంత పదునైన శబ్దం మెటల్‌తోనే వస్తుందని కొన్నాను. లోపం ఎక్కడుంది? ఇంకో ప్రశ్న కూడా. ఈ ఆల్బమ్‌ని జాజ్ అనుకుని నేర్చుకోవాలా, ఫంక్ అనుకునా?

రీడుపుల్ల
ముందు ఆ మెటల్ తీసి పెట్టెలో పెట్టండి. మేసియో పేరు చెప్పగానే గుర్తొచ్చే సరంజామా సెల్మర్ మార్క్ సిక్స్ ఆల్టో, బ్రిల్‌హార్ట్ ఎబోలిన్ మౌత్‌పీస్. ఆ మౌత్‌పీస్ నల్లగా ఉంటుంది, పళ్ళు ఆనే చోట తెల్ల పలక. ఓపెనింగ్ చాలా చిన్నది. మీ 7 నంబరుకు పూర్తిగా ఎదురు దారి.

ఎందుకంటే, రీడు కొసకీ మౌత్‌పీస్ కొసకీ మధ్య సందు తక్కువైతే రీడు కదలాల్సిన దూరం తక్కువ. ఊదగానే పలుకుతుంది, నాలుక తగలగానే ఆగుతుంది. సందు పెద్దదై రీడు మెత్తగా ఉంటే శబ్దం లావుగా వస్తుంది కానీ మొదలూ చివరా రెండూ మసగ్గా ఉంటాయి. ఫంక్‌కి ఆ రెండే ముఖ్యం.

యమహాతో పాటు పెట్టెలో 4సీ మౌత్‌పీస్ వచ్చి ఉండాలి. ఓపెనింగ్ 1.70 మిల్లీమీటర్లు. దానికి 3 నంబరు రీడు (మీ రెండున్నర కన్నా కొంచెం గట్టిది) కట్టి చూడండి, కొత్తగా ఏమీ కొననక్కర్లేదు. ఒక కంపెనీ 5, ఇంకో కంపెనీ 5 ఒకటి కావు, కొనేటప్పుడు మిల్లీమీటర్లు అడగండి.

బెజవాడ_ఆల్టో
4సీ ఉంది. నేర్చుకునేవాళ్ళ కోసం ఇచ్చేదనుకుని పక్కన పడేశాను.

తాళంచెవి
రీడుపుల్ల గారి మాట కాదనను కానీ మౌత్‌పీస్ వల్ల వచ్చే మార్పు నాలుగో వంతు కూడా ఉండదు. ఈ ప్రశ్నలో అసలు విషయం వేరే. మీరు ప్రతి స్వరం ఎక్కడ మొదలవుతుందో రాసుకున్నారు. ఎక్కడ ఆగుతుందో రాసుకున్నారా?

ఒక పని చేయండి. ఒక్కో బీటునీ నాలుగు ముక్కలు చేయండి, మనకు తెలిసిన చతురశ్ర నడకే: త క ది మి. నాలుగు బీట్లకు పదహారు గళ్ళు. కాగితం మీద పదహారు గళ్ళు గీసి, స్వరం మొదలైన గడిలో చుక్క, ఆగిన గడిలో అడ్డగీత పెట్టండి. మేసియో ఫ్రేజ్ ఏదైనా తీసుకోండి, చాలా స్వరాలు ఒక్క గడి నిండకముందే ఆగిపోతాయి. ఆ తర్వాతి గడి ఖాళీ. ఆ ఖాళీలోంచే డ్రమ్మూ గిటారూ వినిపిస్తాయి. మీరు వాయించినప్పుడు ఆ ఖాళీని స్వరం తోకతో నింపేస్తున్నారు. పాఠంలా వినిపించడానికి కారణం అది.

ఆపడం ఎలా అంటే, గొంతు మూసి కాదు. గాలి ఒత్తిడి అలాగే ఉంచి నాలుక కొసని రీడు కొసకి ఆనించడం. నోట్లో 'తా' అనడానికీ 'తత్' అనడానికీ ఎంత తేడానో అంతే. 'తత్' అన్నప్పుడు రెండో 'త్' దగ్గర నాలుక అక్కడే ఉండిపోతుంది, గాలి వెనక కాచుకుని ఉంటుంది. తర్వాతి స్వరానికి నాలుక తీస్తే చాలు.

సాధన: డ్రమ్ లూప్ పెట్టుకోండి, నిమిషానికి 80 బీట్లు. ఆల్టో మీద ఒక్క జి స్వరం, ఇంకేదీ ముట్టుకోవద్దు. మొదటి రెండు నిమిషాలు 'త' గడిలో మాత్రమే. తర్వాత రెండు నిమిషాలు 'క', ఆ తర్వాత 'ది', 'మి'. 'క' దగ్గరా 'మి' దగ్గరా ముందుకు తోసుకుపోతారు, అందరికీ అక్కడే తప్పుతుంది. కాలితో బీటు వేస్తూ వాయిస్తే తెలుస్తుంది.

వీణాధరి
కద్రి గోపాల్‌నాథ్ గారి ఆల్టో విన్న చెవికి మేసియో తునకలు తునకలుగా వినిపిస్తాడు. వాయిద్యం అదే, మరి ఇంత తేడానా అనిపించేది. తాళంచెవి గారి పోస్టు చదివాక అర్థమవుతోంది. కచేరీలో గమకం ఒక స్వరాన్ని ఇంకో స్వరానికి చేరవేస్తుంది, మధ్యలో తెంపితే రాగం పోతుంది. ఇక్కడ తెంపడమే పని.

తాళంచెవి
అవునండీ. అక్కడ శ్వాస, పెదవి, వేళ్ళు మోసే బరువుని ఇక్కడ నాలుక మోస్తుంది.

ఘటం77
ఊపు గురించి ఒక మాట. మేసియో పేరు తెచ్చుకున్నది గాయకుడు జేమ్స్ బ్రౌన్ బ్యాండులో. అక్కడ పుట్టిన సూత్రం 'ఆన్ ద వన్'. అప్పటి రిథమ్ అండ్ బ్లూస్‌లో బరువు రెండో, నాలుగో బీటు మీద ఉండేది. బ్రౌన్ మొదటి బీటు మీదకి తెచ్చాడు. మన భాషలో సమం అనుకోండి. అందరూ సమం దగ్గర కలుస్తారు, మిగతా పదిహేను గళ్ళలో ఎవరి దారి వారిది. అందుకే మేసియో ఎంత అనాగతంగా (సమం దాటాక) ఎత్తుకున్నా గందరగోళం ఉండదు, సమం ఎక్కడుందో వినేవాడికి కూడా తెలుసు.

మీ రికార్డింగు వినేటప్పుడు సాక్స్ వినకండి. లూప్‌లో కిక్ డ్రమ్ (కాలితో మోగించే పెద్ద డ్రమ్) వినండి. ప్రతి ఆవర్తం మొదట్లో కిక్ మీద మీ స్వరం పడుతోందా, దాని తర్వాత పడుతోందా చూడండి. వెంట్రుకవాసి ఆలస్యమైనా మొత్తం చప్పబడిపోతుంది.

నీలిరంగు_స్వరం
జాజా ఫంకా అన్న ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. నా లెక్కలో ఇది జాజ్ కాదు. ఒకే తీగ (కార్డ్, కలిపి మోగే స్వరాల గుంపు) మీద 16 నిమిషాలు నడిచే 'షేక్ ఎవ్రీథింగ్ యూవ్ గాట్'లో జాజ్ హార్మొనీ ఎక్కడుంది? ఆల్బమ్ మొదట్లో మేసియోనే మైకులో అంటాడు, మేము వాయించేది రెండు శాతం జాజ్, తొంభై ఎనిమిది శాతం ఫంకీ అని. ఆయనే తేల్చేశాక మనకెందుకు వాదన?

ఊదుడు_కొలిమి
ఆ రెండు శాతాన్ని తక్కువ చేసి చూడకండి. వేదిక మీద ఎవరున్నారో చూడండి. టెనర్ (ఆల్టో కన్నా పెద్ద సాక్స్), ఫ్లూట్ పీ వీ ఎల్లిస్. ఆయన కుర్రతనంలో జాజ్ దిగ్గజం సానీ రోలిన్స్ దగ్గర నేర్చుకున్నవాడు. 1967లో బ్రౌన్‌కి 'కోల్డ్ స్వెట్' కట్టినప్పుడు హార్న్‌ల (ఊదే వాయిద్యాల) రెండు స్వరాల ముక్కకి ఆధారం మైల్స్ డేవిస్ 'సో వాట్'. ట్రాంబోన్ ఫ్రెడ్ వెస్లీ, 1978లో కౌంట్ బేసీ ఆర్కెస్ట్రాలో చేరాడు. గిటార్ రాడ్నీ జోన్స్, ఆర్గన్ లారీ గోల్డింగ్స్, ఇద్దరూ జాజ్ మనుషులు. డ్రమ్స్ కెన్‌వుడ్ డెనార్డ్. వీళ్ళందరూ కలిసి ఒకే తీగ మీద 16 నిమిషాలు విసుగు లేకుండా నిలబడగలిగారంటే జాజ్ చెవి ఉండబట్టే.

మేసియో కూడా అంతే. క్యానన్‌బాల్ ఆడర్లీ, హ్యాంక్ క్రాఫర్డ్, డేవిడ్ 'ఫ్యాట్‌హెడ్' న్యూమన్‌లను విని పెరిగిన మనిషి. చివరి ఇద్దరూ గాయకుడు రే చార్ల్స్ బ్యాండు వాళ్ళు. అందుకే ఈ ఆల్బమ్‌లో రే పాడిన 'జార్జియా ఆన్ మై మైండ్' ఉంది. ఆ ట్రాక్ ఒక్కటి విని చెప్పండి, స్వరాన్ని నిలిపి వాయించే సత్తా లేదంటారా?

నీలిరంగు_స్వరం
సత్తా లేదనలేదు. నేర్చుకునే పద్ధతి వేరంటున్నాను. బీబాప్ అనే జాజ్ శైలిలో సోలో నేర్చుకునేవాడు తీగలు మారే దగ్గర ఏ స్వరం పట్టాలో సాధన చేస్తాడు. ఇక్కడ ఆ సాధన చేసి వస్తే ఉపయోగం ఉండదు. ఎనిమిదో భాగాల (బీటుకి రెండు స్వరాల) నడక కూడా వేరు. స్వింగ్‌లో జత స్వరాల్లో మొదటిది పొడుగు, రెండోది పొట్టి. ఫంక్‌లో రెండూ సమానం.

ఘటం77
ఎనిమిదో భాగాలు సమానమే, పదహారో భాగాలు కాదు. 'త క ది మి'లో 'క', 'మి' కొంచెం వెనక్కి వాలతాయి. పాత డ్రమ్మర్లందరి చేతిలో ఆ వాలు ఉంది. పూర్తిగా సూటిగా వాయిస్తే కంప్యూటర్‌లా ఉంటుంది, పూర్తిగా స్వింగ్ చేస్తే కుంటుతుంది. కొలత చెప్పలేం, డ్రమ్స్‌లో హై-హాట్ (జత తాళాలు) విని దానికి అతుక్కోవాలి.

ఊదుడు_కొలిమి
సరే, నేర్చుకునే పద్ధతి విషయంలో ఒప్పుకుంటాను. ఆల్బమ్‌ని ఏ అలమరలో పెట్టాలన్నది దుకాణం వాడికి వదిలేద్దాం.

హామండ్_ప్రియ
ఈ రికార్డులో నాకు నచ్చేది బేస్ గిటార్ లేకపోవడం. ఆర్గన్ ఎడమచేయి, పాదాలే కింద అంతా చూసుకుంటాయి. హామండ్ ఆర్గన్ బేస్ స్వరం తీగ మీటినట్టు మొదలవ్వదు, గుండ్రంగా మొదలై గుండ్రంగా ముగుస్తుంది. అందుకే పైన హార్న్‌ల కోత అంత స్పష్టంగా తెలుస్తుంది.

పాతరికార్డు
అసలు లేదనకండి. కవరు మీద విన్సెంట్ హెన్రీ పేరు పక్కన ఆల్టో, బేస్ రెండూ ఉన్నాయి. ఆర్గన్ గురించి మీరన్నది మాత్రం నిజమే. దీనికి రెండేళ్ళ ముందు, 1990లో వచ్చిన 'రూట్స్ రివిజిటెడ్' కూడా ఆ పద్ధతే: ఆర్గన్ డాన్ పులెన్, డ్రమ్స్ బిల్ స్టీవర్ట్, బూట్సీ కాలిన్స్ అతిథిగా వచ్చాడు. కొలోన్ రికార్డుకి అదనంగా వచ్చినవాళ్ళు ఆల్టో క్యాండీ డల్ఫర్, గాయని కిమ్ మజెల్. రికార్డు చేసింది స్టాట్‌గార్టెన్ అనే హాల్లో, 1992 మార్చిలో. పేరున్న జాజ్ వేదిక అది.

హామండ్_ప్రియ
సరిదిద్దినందుకు సంతోషం, విన్సెంట్ హెన్రీ పేరు పక్కన బేస్ ఉన్నది నేను చూసుకోలేదు.

పాతరికార్డు
ఇంకో విషయం చాలామంది గమనించరు. 'పాస్ ద పీస్' మేసియో పాట అనుకుంటారు. 1972లో బ్రౌన్ బ్యాండు ద జేబీస్ దాన్ని మొదట రికార్డు చేసినప్పుడు మేసియో ఆ బృందంలో లేడు. 1970లో బ్రౌన్‌తో తెగతెంపులు చేసుకుని 'మేసియో అండ్ ఆల్ ద కింగ్స్ మెన్' అనే సొంత బృందం పెట్టుకున్నాడు, తిరిగి వచ్చింది 1973లో. పాత రికార్డులో ఆల్టో జిమ్మీ పార్కర్. ఇంటి పేరు కలిసిందంతే, చుట్టరికం లేదు. రెండూ పక్కపక్కన పెట్టి వినండి. పాతది మూడు నిమిషాల సింగిల్‌లా బిగుతుగా ఉంటుంది, 1992ది 11 నిమిషాలు, సోలోకి చోటు ఎక్కువ.

బెజవాడ_ఆల్టో
ఇది నిజంగా తెలియదు. ఆయన ప్రయాణం వరసగా వినాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

పాతరికార్డు
1943లో నార్త్ కరోలినాలోని కిన్‌స్టన్‌లో పుట్టాడు. 1964లో బ్రౌన్ దగ్గర చేరాడు. బ్రౌన్‌కి అసలు కావలసింది తమ్ముడు, డ్రమ్మర్ మెల్విన్. వెంట వచ్చిన మేసియోకి బారిటోన్ సాక్స్ ఇచ్చాడు. అందుకని తొలి రోజుల రికార్డుల్లో ఆల్టో కోసమే వెతకకండి. 'కోల్డ్ స్వెట్' సోలో టెనర్ మీద ఉంటుంది, మొదట అది వినండి.

తర్వాత 1975 నుంచి పార్లమెంట్ అనే ఫంక్ బృందం, వాళ్ళ 'మదర్‌షిప్ కనెక్షన్'లో హార్న్‌లు. ఇక్కడ సోలోలు తక్కువ, బృందంగా ఎలా కోస్తారో వినాలి. ఆ తర్వాత 'రూట్స్ రివిజిటెడ్', మీ కొలోన్ రికార్డు. చివర్లో 2007 'రూట్స్ అండ్ గ్రూవ్స్', జర్మన్ రేడియో సంస్థ డబ్ల్యూడీఆర్ బిగ్ బ్యాండ్‌తో. అందులో ఒక భాగం పూర్తిగా రే చార్ల్స్‌కి నివాళి. నీలిరంగు_స్వరం గారు అది విన్నాక మళ్ళీ మాట్లాడదాం. మధ్యలో గాయకుడు ప్రిన్స్‌తో పనిచేసిన రికార్డులున్నాయి, 2004 'మ్యూజికాలజీ' లాంటివి. అవి తీరిగ్గా వినొచ్చు.

ట్రాంబోన్_గూడు
హార్న్‌ల సెక్షన్ గురించి. ఆల్టో, టెనర్, ట్రాంబోన్ ముగ్గురే, అయినా ఎనిమిది మంది ఉన్నట్టుంటుంది. రిఫ్‌లో (మళ్ళీ మళ్ళీ వచ్చే ముక్కలో) ఎక్కువ భాగం ఒకే స్వరం, అష్టకాల (ఆక్టేవ్) తేడాతో. తీగగా విడిపోయేది ముఖ్యమైన దెబ్బ దగ్గర మాత్రమే. మీ ఊళ్ళో ముగ్గురు దొరికితే ఇలా చేయండి: ముందు స్వరాలు వద్దు, ముగ్గురూ నోటితో 'తత్ తత్ తాఽ దత్' అని రిఫ్ పలకండి. ఆగడం ముగ్గురికీ ఒకే గడిలో వచ్చేదాకా వాయిద్యం ఎత్తొద్దు. పొడుగు స్వరం ఎక్కడ ముగుస్తుందో పెన్సిల్‌తో రాసుకోండి, 'మూడో బీటు ది దగ్గర' అని. అది రాసుకోకపోతే ముగ్గురూ మూడు చోట్ల ఆపుతారు, సెక్షన్ చిరిగిన గుడ్డలా ఉంటుంది.

శ్రుతి కూడా. ఎండాకాలం వాయిద్యం వేడెక్కితే శ్రుతి పైకి పోతుంది. పది నిమిషాలు ఊదాకే ట్యూన్ చేయండి, చల్లటి వాయిద్యం మీద కాదు.

కొత్తకుర్రాడు_సాక్స్
మా గిటారిస్టు 'ఎఫ్‌లో వాయిద్దాం' అంటాడు, నేను ఎఫ్ పట్టుకుంటే ఏడుపు రాగం వస్తోంది. ఎందుకు?

రీడుపుల్ల
ఆల్టో ఈ-ఫ్లాట్ వాయిద్యం. కీబోర్డ్ స్వరం నుంచి మూడు అర్ధస్వరాలు కిందకి దిగితే ఆల్టో మీద పట్టాల్సిన స్వరం పేరు వస్తుంది. ఆయన ఎఫ్ మీకు డి. ఆయన బి-ఫ్లాట్ మీకు జి. ఆయన సి మీకు ఎ. టెనర్ అయితే లెక్క వేరు, రెండు అర్ధస్వరాలు పైకి. ఈ ముక్క కేసు మూత లోపల అంటించుకో తమ్ముడూ.

ప్యాడ్_వైద్యం
అందరూ నాలుక గురించే చెప్తున్నారు, సాక్స్ పరిస్థితి చూశారా? కోత వాయింపుకి అడ్డుపడేది జి-షార్ప్ కీ. దాని ప్యాడ్ (రంధ్రాన్ని మూసే మెత్త) మామూలుగా మూసే ఉంటుంది, తేమకి అతుక్కుంటుంది. మీరు కీ నొక్కుతారు, ప్యాడ్ లేవదు, జి వినిపిస్తుంది. వేగంగా పోయేటప్పుడు తప్పు వేలిదనుకుంటారు. బెజవాడ, విశాఖ లాంటి చోట ఉక్కకి ఇంకా ఎక్కువ.

పల్చటి సిగరెట్ కాగితం, జిగురు లేనిది, ప్యాడ్ కింద పెట్టి మెల్లగా మూసి పది సెకన్లు ఉంచండి. తెరిచాక కాగితం తీయండి. మూసి ఉండగా లాగితే ప్యాడ్ తోలు చిరుగుతుంది. నాలుగైదు సార్లు చేస్తే తేమ పోతుంది. పౌడర్ మాత్రం చల్లొద్దు, ముద్దకట్టి ఇంకా అంటుకుంటుంది. కింది బి-ఫ్లాట్ గుడగుడమంటే అది అతుకు కాదు, పైన ఎక్కడో గాలి కారుతోంది. గొట్టం లోపల సన్నని ఎల్‌ఈడీ దీపం పెట్టి చీకట్లో చూస్తే ఏ ప్యాడ్ పక్కన వెలుగు కనిపిస్తే అదే.

రీడుపుల్ల
రీడుల సంగతీ కలిపేస్తాను. ఒకటే రీడు రోజూ వాడొద్దు, నాలుగు పెట్టుకుని తిప్పండి. వాయించాక తుడిచి చదునైన పలక మీద బిగించే పెట్టెలో పెట్టండి. హైదరాబాద్ ఎండలకి కొస అలలు తేలుతుంది. అలాంటి రీడు 'తత్' అన్నప్పుడు పూర్తిగా మూసుకోదు, చివర్లో కీచుమంటుంది. రెండు నిమిషాలు నోట్లో నాననిచ్చి చూడండి, సర్దుకోకపోతే పారేయండి.

మైకు_మనిషి
స్టేజి మీద ఇది ఇంకోలా చెడుతుంది. క్లిప్ మైకు సాక్స్ గంట (వెడల్పు మూతి) అంచుకి బిగించి లోపలికి తిప్పితే కింది స్వరాలు గట్టిగా, పైవి సన్నగా వస్తాయి. సాక్స్ శబ్దం గంటలోంచే రాదు, తెరిచి ఉన్న రంధ్రాలన్నిటి నుంచీ వస్తుంది. స్టాండు మైకైతే గంటకి జానెడు ఎత్తులో, కింది చేతి కీల వైపు కొంచెం వాల్చి పెట్టండి. ఎకో తగ్గించమని గట్టిగా అడగండి. మన దగ్గర ఆర్కెస్ట్రాల్లో సాక్స్ అంటే ఎకో నింపేస్తారు, స్వరం ఆగిన చోట ఎకో కొనసాగితే ఇక్కడ చెప్పిన సాధనంతా వృథా.

తాళంచెవి
ఈ చివరి మాట బంగారం. ఇంట్లో రికార్డు చేసేటప్పుడు కూడా బాత్రూంలో, ఖాళీ గదిలో వద్దు. పరుపున్న గదిలో చేయండి.

వీణాధరి
స్వరాలు తక్కువ, తీగ ఒకటే. మరి సోలో 16 నిమిషాల పాటలో ఎలా పెరుగుతుంది? మనకైతే స్వరకల్పనలో కోర్వై (లెక్కతో కట్టే ముగింపు) ఉంది.

ఊదుడు_కొలిమి
దగ్గర పోలికే. మూడు స్వరాల ముక్క ఒకటి తీసుకోండి. మొదటి రెండు బార్లలో (ఒక బార్ అంటే ఆ పదహారు గళ్ళు) వాయించి తర్వాతి రెండు బార్లు ఊరుకోండి. మళ్ళీ అదే ముక్క, చివరి స్వరం మాత్రం మార్చండి. మళ్ళీ ఊరుకోండి. మూడోసారి ఒక్క గడి ఆలస్యంగా ఎత్తుకోండి, ఘటం77 గారి అనాగతం అదే. నాలుగోసారి అష్టకం పైకి. అప్పటికి వినేవాళ్ళకి ముక్క నోటికొచ్చేసి ఉంటుంది, దాన్ని విరగ్గొట్టినా గుర్తుపడతారు. చాలామంది చేసే తప్పు మొదటి బార్‌లోనే తెలిసినవన్నీ కుమ్మరించడం. ఇక ఎదగడానికి ఏముంటుంది?

బెజవాడ_ఆల్టో
పది రోజులైంది, చెప్పినట్టే చేస్తున్నాను. 4సీ, 3 రీడు. ఒక్క జి స్వరంతో 'త క ది మి'. 'క' మీద ఇంకా తోసుకుపోతున్నాను కానీ మిగతా మూడూ కుదిరాయి, రికార్డింగులో ఖాళీలు వినిపిస్తున్నాయి. జి-షార్ప్ నిజంగానే అతుక్కుని ఉంది. కొత్త చిక్కు: 'తత్' అని ఆపేసరికి స్వరం చివర శ్రుతి పైకి పోతోంది. ట్యూనర్‌లో ముల్లు కుడివైపు దూకుతోంది.

తాళంచెవి
నాలుక ఆనించేటప్పుడు దవడ కూడా కొరుకుతోంది. అద్దం ముందు కూర్చోండి, గడ్డం కదిలితే అదే. నాలుక మొత్తం పైకి లేపకండి, కొస మాత్రమే, రీడు అంచుని తాకీ తాకనట్టు. ముందు సాక్స్ లేకుండా 'తత్ తత్' అంటూ గడ్డం మీద వేలు పెట్టి చూసుకోండి, కదలకూడదు. తర్వాత ఒక్క జి, నిమిషానికి 60, ట్యూనర్ ఎదురుగా. ముల్లు నిలబడ్డాకే 80కి వెళ్ళండి.

రీడుపుల్ల
కింది పెదవికీ పంటికీ మధ్య మడిచిన పల్చటి కాగితం పెట్టుకుని చూడండి. వాయించాక దాని మీద పంటి గుర్తు లోతుగా పడితే కొరుకుతున్నట్టే. 3 రీడు కొత్త కదా, పలకదేమోనని కొరకడం మామూలే. వారం రోజులు రెండున్నరకి దిగి, దవడ వదులయ్యాక మళ్ళీ 3కి రండి.

బెజవాడ_ఆల్టో
గుర్తు పడింది, రెండు పళ్ళూ. ఈ రాత్రి నుంచే రెండున్నర.